ఆగలేనివాళ్లకు ముందు

తెనాలి,
21 మే 2021

చి.ల.సౌ. మాధవికి,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. డబ్బు సంగతులు ఫోన్లో మాట్లాడుకుంటే సగం గాలికి పోతాయి. కాగితం మీద ఉంటే మీ ఆయనా నువ్వూ కూర్చుని మళ్లీ చదువుకోవచ్చు.

నీ చిక్కు నాకు అర్థమైంది. కరోనా కర్ఫ్యూ వల్ల హోటలు పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకానే. పార్సిళ్లు తప్ప కూర్చోబెట్టి పెట్టడం లేదు. మధ్యాహ్నం భోజనాలు, రాత్రి టిఫిన్లు పోయాయి. గల్లాలో పడేది మునుపటిదాంట్లో మూడో వంతు. ఇవ్వాల్సినవి మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి: బ్యాంకు వాయిదా, అద్దె, కరెంటు, పచారీ బాకీ, పదకొండుమంది జీతాలు. ఎవరికి ముందివ్వాలి మామయ్యా అని అడిగావు.

ఎవరు ఆగలేరో వాళ్లకు ముందివ్వు. గట్టిగా అడిగేవాళ్లకు ముందిచ్చేయడం మనందరికీ అలవాటు. బ్యాంకులో అప్పుల సెక్షన్‌లో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, గట్టిగా అడిగేవాళ్లలో చాలామంది ఆగగలిగినవాళ్లే. రోజూ నీకు ఫోన్ చేయడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకునే స్తోమత బ్యాంకుకుంది. గిన్నెలు కడిగే ఆవిడ నోరు తెరిచి అడగదు, అడిగితే ఉన్న పని కూడా పోతుందేమోనని భయం. కానీ ఆవిడ ఇంట్లో బియ్యం వారం దాటి ఆగవు.

ఇవాళ రాత్రి గల్లా కట్టాక ఒక కాగితం తీసుకో. నువ్వు బాకీ ఉన్న ప్రతి మనిషి పేరూ రాసి, పక్కనే ఎన్నాళ్లు ఆగగలరో రాయి. అద్దె దగ్గర కాస్త ఆలోచించు. ఓనరుకు నాలుగు షాపులుంటే రెండు నెలలు అడ్వాన్సులో సర్దుకోమని అడగొచ్చు. ఆ అద్దె మీదే బతికే పెద్దావిడైతే ఆవిడా ఆగలేనివాళ్ల లెక్కలోకే వస్తుంది. అరిటాకులు తెచ్చే ఆవిడా అంతే. ఆవిడ వ్యాపారం నీ వ్యాపారం కంటే చిన్నది. బాకీ ఉంచకు. వార్డు సచివాలయంలో జగనన్న తోడు కింద వడ్డీ లేకుండా పదివేలు, వీధి వ్యాపారులకు కేంద్రం ఇచ్చే స్వనిధి కింద పదివేలు అప్పు దొరికే వీలుంది. ఆవిడ చదువుకోలేదు కాబట్టి ఆ ఫారం ఎవరిచేతనైనా నింపించు.

ఇక బ్యాంకు. పోయినేడు మార్చి 27న రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం, అంటే వాయిదాలు ఆపుకునే వీలు, మొదట మూడు నెలలు, తర్వాత ఆగస్టు 31 దాకా నడిచింది. ఈసారి అలా ఊరందరికీ ఒక్కసారిగా ఇవ్వలేదు, ఎవరికివాళ్లు వెళ్లి అడగాలి. మన దగ్గర కర్ఫ్యూ మొదలైన మే 5నే గవర్నరు శక్తికాంత దాస్ చిన్న వ్యాపారాల అప్పులు తిరగరాసుకునే వీలు ప్రకటించారు. అప్పు 25 కోట్ల లోపు ఉండాలి, మార్చి 31 నాటికి ఖాతా మొండిబాకీల్లో పడి ఉండకూడదు, ఇదివరకు ఇలా తిరగరాయించుకుని ఉండకూడదు. నీకు ఈ మూడూ సరిపోతాయి. సెప్టెంబరు 30 దాకా గడువుంది కదా అని కూర్చోకు. అడగందే అమ్మైనా పెట్టదు. వాయిదా తప్పకముందే వెళ్లినవాళ్ల మాట మేనేజరు వింటాడు, తప్పాక వెళ్తే అదే కథ సాకులా వినిపిస్తుంది. చిన్న వ్యాపారాలకుండే ఉద్యం రిజిస్ట్రేషన్ లేకపోతే ఆధార్‌తో ఆన్‌లైన్‌లో చేసుకో. దానికి పైసా ఖర్చు లేదు, ఏజెంటు చేతిలో డబ్బు పెట్టకు. ఒకటి గుర్తుంచుకో, వాయిదా ఆగినా వడ్డీ ఆగదు.

అదనపు అప్పు ఇస్తామని కూడా అంటారు. పోయినేడు మే నెలలో ప్రకటించిన మూడు లక్షల కోట్ల పథకం అది. 2020 ఫిబ్రవరి 29 నాటికున్న బాకీలో 20 శాతం దాకా తాకట్టు లేకుండా ఇచ్చేవాళ్లు. ప్రభుత్వం హామీ ఉంది కదా అని చాలామంది ధీమా పడ్డారు. ఆ హామీ బ్యాంకుకిచ్చింది, మనకు కాదు. కట్టాల్సింది మనమే. కాబట్టి రోజువారీ నష్టం పూడ్చడానికి ఆ డబ్బు తేవద్దు. కర్ఫ్యూ ఎత్తేశాక సరుకు దింపుకోవడానికి కావాలంటే అప్పుడు చూద్దాం.

జీతాల సంగతి. పోయినేడు మార్చి 29న కేంద్ర హోంశాఖ మూసిన రోజులకూ పూర్తి జీతమివ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. మే 18 నుంచి అది లేకుండా పోయింది. జూన్ 12న సుప్రీంకోర్టు, యజమానులూ పనివాళ్లూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోండంది. ఈసారి అలాంటి ఉత్తర్వేదీ మన మీద లేదు. ఆ కూర్చుని మాట్లాడుకోవడం ఒక్కటే మిగిలింది. అది తప్పించుకోకు.

అందరినీ ఒకేసారి పిలువు. పుస్తకం తెరిచి, రోజుకు ఎంత వస్తోందో, ఎంత పోతోందో అంకెలతో చెప్పు. వంటమాస్టరుకు విడిగా ఒక మాట, సప్లయర్లకు ఇంకో మాట చెబితే సాయంత్రానికి రెండూ కలిసి మూడో మాట పుడుతుంది. నీ ఇంటి ఖర్చుకు తీసుకునేది ముందు ఎంత తగ్గించుకున్నావో కూడా చెప్పు, అప్పుడే తక్కిన మాటలు వాళ్ల చెవికెక్కుతాయి. పార్సిళ్లకు ఐదుగురు చాలని ఆరుగురిని పంపేయకు. వంతులు వేసుకుని అందరూ రండని చెప్పు. పనికొచ్చినా రాకపోయినా ఇంత అని ఒక కనీసం, వచ్చిన రోజుకు దాని మీద ఇంత. రెండుపూటలా అన్నం అందరికీ, ఇంటికి పట్టుకెళ్లేవాళ్లకు గిన్నెలో కట్టించు. హోటలు పెట్టినవాళ్లకు అన్నిటికంటే చవకగా చేయగలిగిన సాయం అదే.

జ్వరం వచ్చిన రోజులకు జీతం కోయకు. కోస్తావని తెలిస్తే మాత్ర మింగి, ఒళ్లు కాలుతున్నా వంటింట్లోకి వస్తారు. అప్పుడు పదకొండుమందీ పడుకోవాలి, పార్సిలు తీసుకెళ్లిన ఇళ్లూ పడుకోవాలి. పదిమంది దాటారు కాబట్టి మీకు ఈఎస్ఐ ఉంది. పన్నెండు వేల జీతానికి నువ్వు కట్టేది 390, అతని వాటా 90. ఆ మాత్రానికి చందా ఆపావో, జబ్బుపడితే 91 రోజుల దాకా సగటు కూలిలో 70 శాతం వచ్చే దారి మూసినట్టే. పుస్తకంలో పేర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఈ వారమే చూడు. నలభై అయిదు దాటినవాళ్లు టీకాకు వెళ్లే రోజు సెలవు అనకు, డ్యూటీ అను.

మీ దగ్గర పనిచేసే ఒడిశా పిల్లలు ఇంటికి పోతామంటే పట్టి ఆపకు. ఆధార్ కార్డులు నీ దగ్గరుంటే ఇచ్చేయి. ఇవ్వాల్సింది రైలెక్కకముందే లెక్క తేల్చి ఖాతాలో వెయ్యి. బాకీ పెట్టి పంపితే తిరిగొస్తారనుకోవడం వట్టి భ్రమ. పూర్తిగా ఇచ్చి పంపినచోటికే మనిషి మళ్లీ వస్తాడు.

రాబడి పెంచే ఆలోచన కూడా ఒకటి. మీ చుట్టుపక్కల జ్వరాలతో తలుపులేసుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి, వండేవాళ్లే మంచాన పడ్డారు. పన్నెండు లోపు అన్నం, పప్పు, చారు, ఒక కూర సర్ది గుమ్మం ముందు పెట్టి రాగలిగితే పదిరోజులకు ముందే డబ్బు కట్టేవాళ్లున్నారు. డెలివరీ యాప్‌ల కమీషన్ పోను ఎంత మిగులుతుందో ఒక్కో పార్సిలుకూ లెక్కవెయ్యి. మిగలకపోతే ఆ శ్రమ నీ సొంత సప్లయరు సైకిలు మీద పెట్టు. ముందు తీసుకున్న డబ్బు వేరే కవర్లో ఉంచు, వండి పెట్టేదాకా అది నీ డబ్బు కాదు.

చివరిది కష్టమైన మాట, కానీ చెప్పాలి. ఎక్కడ ఆపాలో ఇప్పుడే, మనసు నిలకడగా ఉండగానే రాసిపెట్టుకో. పదకొండుమందికీ ఒక నెల పూర్తి జీతం ఎంతవుతుందో ఆ సొమ్ము పక్కన పెట్టు. ఎన్ని ఇబ్బందులొచ్చినా దాన్ని ముట్టుకోకు. ఖాతా ఆ గీత దాకా దిగిన రోజున అందరికీ చెప్పి, ఆ జీతం చేతిలో పెట్టి, పనిచేసినట్టు ఉత్తరం రాసిచ్చి తాళం వెయ్యి. దాన్ని ఓటమి అనుకోకు. ఇంకో నెల చూద్దాం, ఇంకో నెల చూద్దాం అని ఆ డబ్బు కూడా తినేసి, ఒక పొద్దున చెప్పకుండా షట్టరు దించేసేవాళ్లను ఆ వీధిలో మళ్లీ ఎవరూ నమ్మరు. లెక్క తీర్చి మూసినవాళ్లు తెరిచిన రోజున మాస్టరు కబురంపకుండానే వస్తాడు.

ఆ కాగితం ఫొటో తీసి ఆదివారంలోగా నాకు వాట్సాప్ చెయ్యి. బ్యాంకుకిచ్చే దరఖాస్తు నేను రాసి పంపుతా. అత్తయ్య రెండు మాస్కులూ పెట్టుకోమంది.

మీ మామయ్య