నడచు ఇసుక

పుదుచ్చేరి పట్టణమందలి ఒర్లియంపేటనుండి తూర్పుముఖముగా నడచిపోయిన వానికి కొంతసేపటిలోనే సముద్రము కన్పట్టును. ఒడ్డునగల ఇసుకను లోకము జడమనుచున్నది. జడమే, కాని నిలుకడగల వస్తువు కాదు. నందిదుర్గ కొండలలో పుట్టి కడలూరు చెంత సముద్రమును చేరు దక్షిణ పినాకినివంటి నదులు శిలలను అరగదీసి తెచ్చిన రేణువులను అలలు తీరమువెంట నడిపించుచుండును. మార్చి మొదలు అక్టోబరు వరకు ఈ నడక ఉత్తరమునకు. ఈశాన్య ఋతుపవనకాలమున దక్షిణమునకు. ఉత్తరపు నడకయే బలీయము. ఏటేట లక్షల ఘనమీటర్ల ఇసుక అటు సాగిపోవుచుండును. కంటికి కానరాకున్నను ఇదియు నొక నదియే.

ఇట్లు సాగు ఇసుకలో కొంత ఒడ్డున నిలుచుటకు ప్రాణులే కారణము. బాలబందితీగ ఉప్పుగాలికి వెఱవక నేలపై ప్రాకుచు కణుపుకణుపున వేళ్లు దింపును. రావణాసురుని మీసములను పేరుగల గడ్డి గాలివేగమును తగ్గించును; వేగము తగ్గిన గాలి తాను మోయు ఇసుకను అచ్చటనే విడిచివేయును. ఇసుక కప్పినకొలది గడ్డి పైకి పెరుగును, గడ్డి పెరిగినకొలది దిబ్బ పెరుగును. ఆ గడ్డి గింజల ముండ్లబంతులు గాలికి దొర్లిపోవుచుండగా వెంట పరుగెత్తని పిల్లలు అరుదు. ఎండ్రకాయల బొరియలగుండా గాలి లోనికి పోవును. ఇంకిన వర్షజలము ఉప్పునీటికంటె తేలిక యగుటచే దానిపై తేలి నిలుచును.

ఆలివ్ రిడ్లే తాబేలు సంగతి మరింత విచిత్రమైనది. జనవరి, మార్చి నెలల నడుమ అది రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుక కాళ్లతో మూరెడు లోతు గుంట త్రవ్వి, ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి, పూడ్చి మరలిపోవును. తల్లి పొదుగదు, ఇసుకయే పొదుగును. దానికి 45 మొదలు 60 దినములు పట్టును. ఇసుక వెచ్చదనము హెచ్చినచో ఆడుపిల్లలు, తగ్గినచో మగపిల్లలు అధికముగా పుట్టును. చెడిన గ్రుడ్ల సారమును దిబ్బమీది మొక్కల వేళ్లు పీల్చుకొనును. నడిసముద్రమున తాబేలు మేసిన మేత ఈ విధముగా తీగకు ఎరువగుచున్నది.

1986, 1989 సంవత్సరముల నడుమ పట్టణమునకు దక్షిణమున, అరియాంకుప్పము నది ముఖద్వారమున, రేవుకొఱకు సముద్రములోనికి రాతిగోడలు కట్టిరి. ఉత్తరమునకు పోవలసిన ఇసుక దక్షిణపు గోడచెంత పోగుపడినది. పట్టణతీరమునకు రావలసినది రాలేదు. అలలు ఉన్నదానిని కొనిపోవుట మానలేదు. కొలది యేండ్లలో ఇసుకతిన్నె మాయమై, రహదారిని కాచుటకు బండరాళ్లు పరచవలసి వచ్చెను. బండలమీద బాలబంది వేరూనదు. తాబేలు గుంట త్రవ్వజాలదు. జాలరి పడవను లాగి నిలుపజాలడు. పైగా రాళ్లున్న మేర ఆగిన కోత కురుచ్చికుప్పము, వైత్తికుప్పము మొదలగు ఉత్తరపు జాలరిపల్లెలమీద పడినది. రేవువలన లాభము పొందినవారు వేరు, ఇల్లు కోల్పోయినవారు వేరు.

2018లో, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపకల్పనతో, పట్టణము నెదుట నీటిలో మునిగియుండునట్లు ఉక్కుతో నొక కట్టడమును నిలిపిరి. అలలు దానిపై విరిగి బలము తగ్గగా, దాని వెనుక ఇసుక మరల చేరుకొన్నది. మూడు దశాబ్దములుగా రాళ్లే యున్నచోట జనులు ఇసుకపై కూర్చుండగలిగిరి. అయినను రేవుగోడలున్నంత కాలము దక్షిణమున చిక్కిన ఇసుకను యంత్రములతో తోడి ఉత్తరమునకు పంపుచుండవలసినదే. మునుపు అలలు వెల లేకుండ చేసిన పని యది.