ఇనుము మాత్రలు మింగిన బిడ్డను కాపాడుకోవడం ఎలా?



పాడి ఉన్న ఇంట్లో తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం తల్లి పశువుల కొట్టంలోనో పాలకేంద్రం వద్దనో ఉంటుంది. రెండు మూడేళ్ల బిడ్డ ఇంట్లో తిరుగుతూ ఉంటాడు. గర్భిణికి ఆరోగ్య కార్యకర్త ఇచ్చిన ఎర్రని ఇనుము మాత్రలు గూట్లోనో, మంచం పక్కనో ఉంటాయి. పైన చక్కెర పూత ఉండడంవల్ల బిడ్డ వాటిని పిప్పరమెంటు బిళ్లలనుకొని తింటాడు. ఈ ప్రమాదాన్ని ఎలా గుర్తించాలో, ఏమి చేయాలో ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఎన్ని మాత్రలు ప్రమాదం?

గర్భిణులకు రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దుకాణంలో కొన్న వాటిలో 100 మి.గ్రా. ఉండవచ్చు. తల్లికి అది మేలు చేసే మోతాదే. కాని బిడ్డ బరువులో కిలోకు 20 మి.గ్రా. దాటితే వాంతులు పట్టుకోవచ్చు, 60 మి.గ్రా. దాటితే ప్రాణాపాయం. పది కిలోల బిడ్డకు లెక్క వేద్దాం. 60 మి.గ్రా. మాత్రలు నాలుగు తింటే మొదటి హద్దు దాటుతుంది. పది తింటే రెండవ హద్దుకు చేరుతుంది.

లక్షణాలు

మొదటి ఆరు గంటలలో వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు అవుతాయి. ఇనుము కడుపు, పేగుల లోపలి పొరను కాల్చడంవల్ల వాంతిలో, విరేచనంలో రక్తం పడవచ్చు.

ఆ తరువాత వాంతులు తగ్గి, బిడ్డ తేరుకొన్నట్లు కనిపించవచ్చు. మోసపోయేది ఇక్కడే. "తగ్గిపోయింది గదా" అని ఆస్పత్రి ప్రయాణం మానుకొంటారు. ఈ సమయంలోనే ఇనుము రక్తంలో కలిసి కాలేయాన్ని, గుండెను దెబ్బతీస్తూ ఉంటుంది. ఒక రోజు గడిచేలోగానే బిడ్డకు ఒళ్లు చల్లబడడం, ఆయాసం, మగత రావచ్చు. రెండు మూడు రోజులలో కాలేయం చెడిపోవచ్చు. బతికి బయటపడిన బిడ్డకు కూడా కొన్ని వారాల తరువాత కడుపులో పుండు మానిన చోట దారి మూసుకొని తిరిగి వాంతులు కావచ్చు.

ఇంట్లో చేయవలసినవి

1. నోటిలో మిగిలిన మాత్రలను వేలితో తీసివేయండి.

2. లక్షణాలకోసం ఎదురుచూడక 108కి ఫోను చేయండి, లేదా దొరికిన బండిలో పెద్ద ఆస్పత్రికి బయలుదేరండి.

3. మాత్రల అట్టను లేదా సీసాను వెంట తీసుకొని వెళ్లండి. ఎన్ని తగ్గాయో, ఎన్ని గంటలకు తిన్నాడో డాక్టరుకు చెప్పండి.

4. గొంతులో వేలు పెట్టి, ఉప్పునీరు తాగించి వాంతి చేయించకండి.

పాలు విరుగుడు కావు

పాలు అమ్ముకొని బతికే మనమే ఈ మాట చెప్పుకోవాలి. ఏ విషానికైనా పాలు పట్టించడం పల్లెల్లో అలవాటు. ఇనుము మాత్ర వేసుకొన్నప్పుడు పాలు తాగవద్దంటారు గనుక పాలు ఇనుమును ఆపివేస్తాయని కొందరు అనుకోవచ్చు. పాలు మాత్రలోని ఇనుము ఒంటికి పట్టడాన్ని కొంత తగ్గించే మాట నిజమే. అంతమాత్రాన గుప్పెడు మాత్రలకు అవి విరుగుడు కావు. మగతలో ఉన్న బిడ్డకు పాలు పోస్తే ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం కూడా ఉంది.

ఆస్పత్రిలో ఏమి చేస్తారు?

ముందుగా నరంలోకి సెలైన్ ఎక్కిస్తారు. కడుపులో మాత్రలు మిగిలి ఉన్నాయేమో ఎక్స్‌రే తీసి చూస్తారు. తిన్న నాలుగు నుండి ఆరు గంటల మధ్య రక్తంలో ఇనుము ఎంత ఉన్నదో పరీక్షిస్తారు. చాలా విషాలకు వాడే బొగ్గుపొడి ఇనుమును పట్టుకోలేదు. అందుచేత అవసరమైతే పేగులను మందునీటితో కడుగుతారు. విషం తీవ్రంగా ఉంటే డెఫెరాక్సమైన్ అనే మందును నరంలోకి ఎక్కిస్తారు. అది రక్తంలోని ఇనుమును పట్టి మూత్రంద్వారా బయటికి పంపుతుంది. అప్పుడు మూత్రం ఎర్రగా రావచ్చు, భయపడనవసరం లేదు.

ముందు జాగ్రత్త

ఈ పాఠం చదివి గర్భిణులు మాత్రలు మానకూడదు. రక్తహీనత తల్లికీ బిడ్డకూ చేటు. మానవలసింది మాత్రలను పిల్లలకు అందేచోట ఉంచడమే. వాటిని తాళం వేసిన పెట్టెలో ఉంచండి. పశువుల మందులనూ అలాగే దాచండి. పిల్లలకు మందు ఇచ్చేటప్పుడు "పిప్పరమెంటు" అని ఆశపెట్టకండి.

సంఘ కార్యదర్శులు ఈ పాఠాన్ని పాలుపోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.