పెట్టె మీద 3000 మీటర్లు, గడ్డి చాటున జంతువు: దూరం కొలిచే బైనాక్యులర్‌ను ఎలా ఎంచుకోవాలి?

ఆల్ప్స్ పర్వతాల్లో షమ్వా అనే జంతువు ఉంటుంది. మేక కుటుంబానికి చెందినది, మన నీలగిరి తార్‌కు దూరపు బంధువు. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ వంటి దేశాల్లో లైసెన్సు ఉన్నవారు సీజన్‌లో దీన్ని వేటాడతారు. లోయకు ఇవతల గట్టున వేటగాడు, అవతల గట్టున షమ్వా. మధ్యలో అంతా ఖాళీ. దూరాన్ని అంచనా వేయడానికి ఒక ఇల్లు గానీ, ఒక చెట్టు గానీ ఆనవాలుగా దొరకదు. ఆ జంతువు 300 మీటర్ల దూరంలో ఉందా, 400 మీటర్ల దూరంలోనా? కంటితో చూసి చెప్పడం చాలా కష్టం.

ఆ వంద మీటర్ల తేడాతో ఏమవుతుందో చిన్న లెక్క వేద్దాం. తూటా వేగం సెకనుకు 800 మీటర్లనీ, గాలి నిరోధం లేదనీ అనుకుందాం. 400 మీటర్లు చేరడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో గురుత్వాకర్షణ తూటాను 1.23 మీటర్లు కిందికి లాగుతుంది. అదే 300 మీటర్లకైతే 69 సెంటీమీటర్లే. అంటే తేడా 54 సెంటీమీటర్లు. గాలి నిరోధాన్ని కలిపితే ఇది ఇంకా పెరుగుతుంది. షమ్వా గుండె, ఊపిరితిత్తులు ఉన్న భాగం ఒక అడుగు వెడల్పు కూడా ఉండదు. దూరం అంచనా తప్పితే తూటా పూర్తిగా గురి తప్పడం ఒక రకంగా మేలే. కాలికో పొట్టకో తగిలితే జంతువు రాళ్ల మధ్యకు పారిపోయి గంటల తరబడి నరకయాతన పడుతుంది. దూరం కొలిచే బైనాక్యులర్‌కు అక్కడి వేటగాళ్లు అంత డబ్బు పోయడానికి ముఖ్య కారణం ఇదే.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కాబట్టి ఈ వ్యాసం చదివి ఎవరూ తుపాకీ పట్టరు. కానీ ఇలాంటి లేజర్ పరికరాలు మన అడవుల్లో వేరే పనికి వాడుతున్నారు. ఆ సంగతి చివర్లో చూద్దాం. ముందు పరికరం ఎలా పనిచేస్తుందో, దాని పెట్టె మీద రాసిన అంకెల్లో ఏది పనికొస్తుందో తెలుసుకుందాం.

1960లో మొదటి లేజర్ వెలిగిన కొద్ది కాలానికే సైన్యాలు దానితో దూరం కొలవడం మొదలుపెట్టాయి. మామూలు పౌరుల కోసం బైనాక్యులర్‌లోనే లేజర్‌ను అమర్చి జర్మన్ సంస్థ లైకా 1992లో జియోవిడ్‌ను తెచ్చింది. ఇప్పుడు జైస్, స్వరోవ్‌స్కీ సంస్థలవి కూడా ఉన్నాయి. ఈ పైస్థాయి పరికరాలు ఒక్కొక్కటి మూడు వేల డాలర్లకు అటూ ఇటూగా ఉంటాయి. మన లెక్కలో లక్షల్లో మాట.

పనిచేసే సూత్రం చాలా సులువు. బటన్ నొక్కగానే కంటికి కనపడని పరారుణ కాంతి స్పందన ఒకటి బయలుదేరుతుంది. జంతువుకు తగిలి అందులో కొంత వెనక్కి వస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని కాంతి వేగంతో గుణించి సగం చేస్తే దూరం. 300 మీటర్ల దూరానికి వెళ్లి రావడానికి కాంతికి పట్టేది సెకనులో పది లక్షల వంతులు రెండే. ఒక మీటరు తేడాను పసిగట్టాలంటే లోపలి గడియారం సుమారు 6.7 నానోసెకన్ల తేడాను గుర్తించాలి. అపోలో వ్యోమగాములు చంద్రుడి మీద ఉంచి వచ్చిన అద్దాలతో శాస్త్రవేత్తలు చేసే కొలత కూడా ఇదే. అక్కడ కాంతి వెళ్లి రావడానికి రెండున్నర సెకన్లు పడుతుంది, అంతే తేడా.

కాబట్టి కాలాన్ని కొలవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. అసలు కష్టం తిరిగి వచ్చే కాంతి చాలినంత ఉండటం. దానికంటే పెద్ద కష్టం, అది మనం అనుకున్న వస్తువు నుంచే వచ్చిందని నమ్మకం కలగడం. ప్రకటనలు ఈ రెండో సంగతిని దాదాపు ప్రస్తావించవు.

పెట్టె మీద 3000 మీటర్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది దేని నుంచి కొలిచిన దూరం? తరచుగా అది బాగా మెరిసే ఫలకం నుంచి. రహదారి బోర్డు మీద పడిన కాంతి వచ్చిన దారినే వెనక్కి పోతుంది, అందుకే రాత్రి హెడ్‌లైట్ వెలుగులో ఆ బోర్డు అంతగా మెరుస్తుంది. జంతువు చర్మం అలా కాదు. పడిన కాంతిలో కొంత పీల్చుకుని, మిగిలినదాన్ని అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. లేజర్ పుంజం మొత్తం లక్ష్యం మీదే పడినప్పుడు తిరిగి వచ్చే కాంతి దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. అంటే వెదజల్లే సామర్థ్యం నాలుగో వంతయితే కొలవగలిగే దూరం సగమవుతుంది. పుంజం కంటే లక్ష్యం చిన్నదైతే పరిస్థితి మరీ దారుణం, కాంతి దూరపు నాలుగో ఘాతంతో తగ్గిపోతుంది. ఎండ కూడా శత్రువే. మిట్టమధ్యాహ్నం సూర్యుడి పరారుణ కాంతి సెన్సర్‌లోకి దూరి అసలు సంకేతాన్ని కప్పేస్తుంది. అందుకే అదే పరికరం సంధ్యవేళ ఎక్కువ దూరం కొలుస్తుంది. కొన్ని సంస్థలు మెరిసే ఫలకానికి, చెట్టుకు, జింకకు వేర్వేరుగా అంకెలు ఇస్తాయి. నేనైతే జింక అంకె ఒక్కటే చూస్తాను. అది ఇవ్వని పరికరాన్ని కాస్త అనుమానంగానే చూస్తాను.

ఇక పుంజం వెడల్పు. లేజర్ అంటే సన్నని తీగలాంటి గీత అని మనకు సినిమాలు నేర్పాయి. నిజానికి అది వెళ్లేకొద్దీ విచ్చుకుంటుంది. ఈ విచ్చుకోవడాన్ని మిల్లీరేడియన్లలో చెబుతారు. ఒక మిల్లీరేడియన్ అంటే 1000 మీటర్ల దగ్గర ఒక మీటరు వెడల్పు. పుంజం విస్తరణ 1.5 మిల్లీరేడియన్లయితే 800 మీటర్ల దగ్గర అది 1.2 మీటర్ల మచ్చగా పడుతుంది. షమ్వా భుజం ఎత్తు అంతకన్నా తక్కువ. మిగిలిన కాంతి ముందున్న గడ్డి మీద, వెనకున్న కొండ మీద పడుతుంది. రెండు చోట్ల నుంచీ ప్రతిధ్వనులు వస్తాయి. ఏ ప్రతిధ్వనిని నమ్మాలో పరికరం లోపలి ప్రోగ్రాం నిర్ణయిస్తుంది. కొన్నింటిలో 'మొదటిది', 'చివరిది' అని ఎంచుకునే వీలుంటుంది. గడ్డి చాటున జంతువు ఉంటే చివరి ప్రతిధ్వని కావాలి. జంతువు వెనక కొండ ఉంటే మొదటిది కావాలి. గడ్డి చాటునా ఉంది, వెనక కొండా ఉంది అంటే, సన్నని పుంజం ఒక్కటే దిక్కు. అందుకే గరిష్ఠ దూరం కన్నా విస్తరణ అంకెకే నేను ఎక్కువ విలువిస్తాను. చాలామంది కొనుగోలుదారులు దాన్ని చదవనే చదవరు.

ఇంకో చిక్కు ఉంది. కంటికి కనిపించే ఎర్ర గురి గుర్తు ఒక చోట, కనిపించని పుంజం మరో చోట ఉండొచ్చు. దీన్ని కొనేముందు దుకాణం బయటే పరీక్షించవచ్చు. ఆకాశం నేపథ్యంగా ఒంటరిగా నిలబడ్డ కరెంటు స్తంభాన్ని గానీ, పొగగొట్టాన్ని గానీ ఎంచుకోండి. గురి గుర్తును ఎడమ నుంచి నెమ్మదిగా జరుపుతూ కొలుస్తూ పోండి. అంకె ఎక్కడ కనపడటం మొదలై ఎక్కడ ఆగిందో గమనించండి. తర్వాత పైనుంచి కిందికి అలాగే చేయండి. పుంజం అసలు ఎక్కడుందో, ఎంత వెడల్పో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఏ సమీక్షా ఇంతకన్నా బాగా చెప్పలేదు.

కొండల్లో కోణం కూడా లెక్కలోకి వస్తుంది. 30 డిగ్రీల వాలులో లేజర్ 400 మీటర్లని చూపితే సమతల దూరం 346 మీటర్లే. గురిని ఎంత పైకెత్తాలన్నది దాదాపు ఈ సమతల దూరాన్ని బట్టే ఉంటుంది. పైకి కాల్చినా, కిందికి కాల్చినా ఇదే లెక్క. 400ను నమ్మి గురి పెడితే రెండు సందర్భాల్లోనూ తూటా జంతువు మీదుగా పోతుంది. మంచి పరికరాలు కోణాన్ని తామే కొలిచి సవరించిన దూరం చూపుతాయి. ఉష్ణోగ్రత, గాలి పీడనం కలిపి తూటా మార్గాన్ని లెక్కగట్టేవీ ఉన్నాయి. కానీ ఆ లెక్క మొత్తం మొదటి కొలత మీదే నిలబడుతుంది. గడ్డిపోచ దూరాన్ని తీసుకుని ఎంత సున్నితంగా లెక్కించినా వచ్చేది గడ్డిపోచ జవాబే.

ఇన్ని చెప్పుకున్నా, ఇది ముందుగా బైనాక్యులరే. జంతువులు ఎక్కువగా కదిలేది తెల్లవారుజామున, సాయంసంధ్యలో. 8×42 అంటే ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపుతుంది, ముందు కటకం వ్యాసం 42 మిల్లీమీటర్లు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 5.25. కంటిలోకి వచ్చే కాంతి వలయం వ్యాసం అన్ని మిల్లీమీటర్లన్నమాట. 10×42లో అది 4.2, 8×56లో 7. చీకట్లో యువకుల కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విప్పుకుంటుంది. యాభై దాటిన వారిలో సాధారణంగా ఐదు దగ్గరే ఆగుతుంది. కాబట్టి యాభై దాటిన మనిషి 8×56 కొంటే మెడకు బరువే తప్ప అదనంగా వచ్చిన వెలుతురులో చాలా భాగం కంటిలోకి వెళ్లదు. ఇంకొకటి, లేజర్ కోసం లోపల పెట్టే ప్రత్యేక పూత పరారుణ కాంతిని సెన్సర్ వైపు మళ్లించే పనిలో కాస్త ఎరుపును కూడా మింగుతుంది. కొన్ని మోడళ్లలో దృశ్యానికి లేత నీలి ఛాయ వచ్చేది అందుకే. లేజర్ లేని బైనాక్యులర్‌ను పక్కన పెట్టుకుని పొద్దు వాలాక పోల్చి చూస్తే తెలుస్తుంది. మధ్యాహ్నం దుకాణం లైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. లోపల అంకెలు చూపే ఎర్ర వెలుగు మసక చీకట్లో కళ్లు బైర్లు కమ్మేలా ఉందో లేదో కూడా అప్పుడే చూడాలి.

ఇప్పుడు మన అడవులకు వద్దాం. నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనలో పులితోపాటు దాని ఆహారమైన జింకల సాంద్రతనూ అంచనా వేస్తారు. నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ వంటి అభయారణ్యాల్లో ముందే గీసుకున్న సరళరేఖ వెంట సిబ్బంది నడుస్తారు. చుక్కల జింక కనిపిస్తే రేంజ్‌ఫైండర్‌తో దూరం, దిక్సూచితో కోణం రాసుకుంటారు. 60 మీటర్ల దూరంలో, నడిచే రేఖకు 30 డిగ్రీల కోణంలో ఉంటే ఆ రేఖ నుంచి జింక లంబ దూరం 30 మీటర్లు. ఇలాంటి లంబ దూరాలన్నీ కలిపితే సిబ్బంది నిజంగా ఎంత వెడల్పు పట్టీని చూడగలిగారో తేలుతుంది. కనపడిన జింకల సంఖ్యను ఆ పట్టీ విస్తీర్ణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

ఇక్కడ 3000 మీటర్ల అంకెతో ఏ పనీ లేదు. నల్లమలలో చూపు ఆనేది తరచుగా వంద మీటర్ల లోపే. కావాల్సింది పది మీటర్ల దగ్గర కూడా కొలవగలగడం, విశాలమైన దృశ్యక్షేత్రం, ఆకుల మధ్య నుంచి చివరి ప్రతిధ్వనిని పట్టే సదుపాయం. అడ్డొచ్చిన ఆకు నుంచి తిరిగొచ్చిన కాంతిని నమ్మితే ప్రతి దూరమూ తక్కువగా నమోదవుతుంది, చూసిన పట్టీ ఇరుకైనట్టు లెక్క వస్తుంది. దూరాలన్నీ పది శాతం తగ్గితే వంద జింకలున్న చోట దాదాపు 111 ఉన్నట్టు తేలుతుంది. ఆకులు దట్టంగా అడ్డొచ్చినప్పుడు అందుకే జింకను వదిలేసి, దానికి సమాన దూరంలో ఉన్న చెట్టు మొదలు మీద గురి పెట్టి కొలుస్తారు.