సియాటిల్ ముసురులో గోదావరోళ్లు

వాన గురించి గోదావరోళ్లకి ఇంకొకరు చెప్పాలా అనుకుంటూనే సియాటిల్‌లో విమానం దిగుతాం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని చంటిపిల్లలు కూడా ఒప్పజెప్పే ఊళ్లు మనవి. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. అయితే ఆ తెలివి ఇక్కడ సగమే పనికొస్తుందండి. సియాటిల్‌లో ఏడాదికి పడేది సుమారు వెయ్యి మిల్లీమీటర్లు. రాజమండ్రిలో అంతకంటే కాస్త ఎక్కువే పడుతుంది. మనకి వాయుగుండం పడితే రెండ్రోజుల్లో కుమ్మరించి పోయే వాన, ఇక్కడ అక్టోబరు నుంచి వారాల తరబడి సన్నటి జల్లుగా రాలుతూనే ఉంటుంది. 2006 నవంబరులో మాత్రం ముసురుకి కుండపోత తోడై, విమానాశ్రయం దగ్గర ఆ ఒక్క నెలలోనే 397 మిల్లీమీటర్లు పడింది.

గొడుగు మీద ఆశ పెట్టుకోకండి. గాలికి తిరగబడుతుంది, పైగా ఆ జల్లుకి ఊళ్లోవాళ్లు గొడుగు వేయడమే అరుదు. తలమీదకి లాక్కునే హుడ్ ఉన్న రెయిన్ జాకెట్, నీళ్లు లోపలికి పోని బూట్లు కొనుక్కుంటే బయటి సంగతి అయిపోయినట్టే.

అసలు తంటా ఇంట్లో. కిటికీలన్నీ మూసి, పప్పు ఉడికించి, ఇడ్లీ వేసి, తడిబట్టలు గదిలోనే ఆరేస్తే ఆ ఆవిరంతా చల్లటి అద్దాల మీద నీళ్లై కారుతుంది. నెల తిరిగేసరికి బీరువా వెనక గోడకి నల్లటి బూజు. దండెం అలవాటు మానుకుని డ్రయ్యర్ వాడండి. స్నానమైన తరవాత ఫ్యాను ఇంకో అరగంట తిరగనివ్వండి, వంటింట్లో పొయ్యి మీద ఫ్యాను కూడా. బూజు కనబడితే ఫొటో తీసి అపార్ట్‌మెంట్ ఆఫీసుకి రాతపూర్వకంగా పంపండి. నోటితో చెప్పింది ఇల్లు ఖాళీ చేసే రోజున ఎవరికీ గుర్తుండదు.

నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుగుతుంది. ఇంటికీ మనకీ పన్నెండున్నర గంటలున్న తేడా పదమూడున్నర అవుతుంది. డిసెంబరుకల్లా సాయంత్రం నాలుగుంబావుకే పొద్దుగూకిపోతుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక, జల్లు పడుతున్నా సరే, ఓ పావుగంట బయట నడవండి. డి విటమిన్ సంగతి డాక్టరుని అడగండి.

కార్తీకం సరిగ్గా ఈ ముసురులోనే వస్తుంది. మూడువందల అరవైఅయిదు వత్తులు అపార్ట్‌మెంట్ హాల్లో వెలిగించారా, పొగ అలారం మోగి బిల్డింగు బిల్డింగంతా వానలోకి దిగుతుంది. ఇంట్లో ఒక్క దీపం చాలు. మిగతాది సియాటిల్ పక్కనున్న బోథెల్‌లోని హిందూ గుడిలో అడిగి చూడండి.

ఇక్కడ మనవాళ్లలో చాలామందికి వరద కంటే గాలితోనే భయం. వానకి నానిన నేలలో ఎత్తయిన చెట్లు వేళ్లతో సహా లేచి కరెంటు తీగల మీద పడతాయి. 2024 నవంబరు 19 రాత్రి వీచిన గాలికి మనవాళ్లు ఎక్కువగా ఉండే బెల్వ్యూ, ఇసాక్వా, సమామిష్ వైపు కొన్ని ఇళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అపార్ట్‌మెంట్లలో చాలావాటికి పొయ్యి కూడా కరెంటుదే. కాబట్టి అటుకులు, అరటిపళ్లు, వేరుశనగలు, టార్చిలైటు, ఛార్జి నింపిన పవర్ బ్యాంకు ముందే చూసిపెట్టుకోండి. సిగ్నళ్లు ఆరిపోయిన కూడలి దగ్గర ప్రతి కారూ ఆగి, వంతులవారీగా కదలాలి. అది ఇక్కడి చట్టం.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. చలేస్తోందని బొగ్గులు ఇంట్లో రాజేయకండి. 2006 డిసెంబరు గాలివానకి లక్షల ఇళ్లలో కరెంటు పోయినప్పుడు, గదుల్లో బొగ్గులు కాల్చుకుని, జనరేటర్లు నడుపుకుని వందలమంది కార్బన్ మోనాక్సైడ్‌కి ఆసుపత్రి పాలయ్యారు, కొందరు చనిపోయారు. వాళ్లలో వలస కుటుంబాలవాళ్లే ఎక్కువ. సియాటిల్ టైమ్స్ మొదటి పేజీలో పలు భాషల్లో హెచ్చరిక అచ్చువేయాల్సొచ్చింది. మనూళ్లో మంచు రోజుల్లో అమ్మమ్మలు కుంపటి పక్కన కూర్చున్నా ఏమీ కాలేదంటే, ఆ పెంకుటింటి సందుల్లోంచి గాలాడబట్టి. ఇక్కడి గదులకి సందులుండవు. బార్బెక్యూ పొయ్యి గ్యారేజీలో కూడా వద్దు. తలనొప్పి, వికారం ఇంట్లో అందరికీ ఒకేసారి మొదలైతే బయటికొచ్చేసి 911కి ఫోను చేయండి.

దసరా సెలవుల ముచ్చటకి అమ్మానాన్నల్ని అక్టోబరులో రప్పించేవాళ్లున్నారు. నా మాట వినండి, వద్దు. అరుగు మీద కూర్చుని దారినపోయే ప్రతివాణ్ణీ పలకరించే పెద్దాయన్ని ఆర్నెల్లు ఈ చీకట్లో పెట్టి మీరు ఆఫీసుకి పోతే, ఆయన రెండోవారంలోనే తిరుగు టిక్కెట్టు అడుగుతాడు. మే నెలకి కొనండి. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది, పార్కుకి తనంతట తనే వెళ్లొస్తాడు. ఆగస్టు, సెప్టెంబరుల్లో కార్చిచ్చుల పొగ కమ్మే ఏళ్లూ ఉన్నాయి. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్లయితే ఆ మాట కూడా అక్కడి డాక్టరుతో అనుకుని మరీ బయల్దేరదీయండి.