శరీరంతో చేసే ప్రార్థన



దివ్యబలిపూజలో మనం నిలబడతాము, కూర్చుంటాము, మోకరిస్తాము, చేతులు జోడిస్తాము. ఇవన్నీ పక్కవారిని చూసి చేస్తున్నామా, అర్థం తెలిసి చేస్తున్నామా? దైవార్చనలో విశ్వాసులు చురుకుగా పాల్గొనడానికి పాటలు, జవాబులతోపాటు శరీర భంగిమలు కూడా తోడ్పడతాయని 1963లో రెండవ వాటికన్ మహాసభ బోధించింది. అందరూ కలిసి లేచి, కలిసి మోకరించినప్పుడు మనం ఒకే కుటుంబమని మాట లేకుండానే చెబుతున్నాము.

నిలబడటం క్రీస్తుతోపాటు లేచిన వారి గుర్తు. అందుకే ఆదివారాలలోను, పెంతెకోస్తు కాలంలోను నిలబడి ప్రార్థించాలని 325లో నైసియా మహాసభ నియమించింది. మోకరించడం ఆరాధనకు, పశ్చాత్తాపానికి గుర్తు. రొమ్ము కొట్టుకున్నప్పుడు దేవాలయంలో దూరంగా నిలిచిన సుంకరిని తలచుకోండి. సువిశేషానికి ముందు నుదుటిపై, పెదవులపై, రొమ్ముపై సిలువ గుర్తు వేసుకునేది, ఆ వాక్యం మన తలపులో, మాటలో, హృదయంలో నిలవాలని.

మన దేశపు ఆచారాలకు తగిన 12 అంశాలను 1969లో రోము అనుమతించింది. పాదరక్షలు విడిచి నేలపై కూర్చోవడం, మోకాలు వంచడానికి బదులు చేతులు జోడించి బాగా వంగడం, సమాధానాన్ని నమస్కారంతో తెలుపుకోవడం వాటిలో ఉన్నాయి. ఒకే చాపపై కూర్చున్న వారిలో ఎక్కువ తక్కువలు ఎక్కడివి?

ఆ నమస్కారమే మనకు పరీక్ష. పొలం గట్టు తగాదాతో మాటలు మానేసిన అన్నదమ్ములు ఒకే గుడిలో ఉంటారు. సమాధానం తెలుపుకోమని గురువు చెప్పగానే ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి నమస్కరిస్తారు. కానుకను బలిపీఠం ముందే విడిచి, మొదట సహోదరునితో సమాధానపడమన్నారు ప్రభువు. జోడించిన చేతులు ఎవరిని తప్పించుకుంటున్నాయో ఆయనకు తెలుసు. ఒక్క నమస్కారంతో తగాదా తీరకపోవచ్చు. కాని మాట కలపడానికి అది తొలి అడుగు అవుతుంది.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు నొచ్చుకోనక్కరలేదు. గురువు మోకాలు వంచినప్పుడు భక్తితో బాగా వంగితే చాలు. తల్లిదండ్రులారా, ఈ గుర్తుల అర్థాన్ని ఇంటి ప్రార్థనలో పిల్లలకు ఒక్కొక్కటిగా చెప్పండి. వచ్చే ఆదివారం సమాధానం తెలుపుకునే వేళ, మీరు ఇన్నాళ్ళూ చూడని ముఖం వైపు తిరగండి.