నలభై దాటాక ఖాయిదా పట్టవచ్చా?

"హజరత్! మా అమ్మాయి ఖుర్ఆన్ ఖతం చేసింది. నేను మాత్రం తెలుగు లిపిలో రాసుకున్న నాలుగు సూరాలతోనే నమాజు చేసుకుంటున్నాను. ఈ వయస్సులో పిల్లల పక్కన కూర్చుని అలిఫ్, బే దిద్దాలంటే సిగ్గేస్తోంది."

రావులపాలెం అరటి మార్కెట్‌లో వ్యాపారం చేసే ఒక సోదరుడు జుమా తర్వాత నాతో అన్న మాటలివి. ఆయన వయస్సు 46. ఇది ఆయన ఒక్కరి బాధే కాదు. మన ఇళ్ళలో ఎందరో ఈ సిగ్గును గుండెల్లోనే దాచుకుంటున్నారు.

సహాబాల ఆదర్శం

ఖుర్ఆన్ అవతరణ మొదలైనప్పుడు దైవప్రవక్త (స) వయస్సు 40 సంవత్సరాలు. సహాబాలలో చాలామంది పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టి, వ్యాపారాల్లో స్థిరపడిన తర్వాతే ధర్మవిద్య నేర్చుకున్నారు. వారు పెద్ద వయస్సులో కూడా విద్య నేర్చిన విషయాన్ని ఇమామ్ బుఖారీ (రహ్మలై) తన సహీహ్‌లో ప్రత్యేకంగా పేర్కొన్నారు.

మర్వ్ నగరానికి చెందిన అబూబక్ర్ ఖఫ్ఫాల్ (రహ్మలై) తాళాలు తయారు చేసేవారు. ముప్పై ఏళ్ళు వచ్చాక ఫిఖ్‌హ్ చదువు ప్రారంభించి, షాఫయీ పండితులలో అగ్రగణ్యులయ్యారు. హిజ్రీ 417లో మరణించారు.

తడబాటుకూ పుణ్యముంది

ఖుర్ఆన్‌ను కష్టపడుతూ, తడబడుతూ పఠించే వ్యక్తికి రెండింతల పుణ్యం లభిస్తుందని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. మనం సిగ్గుపడే తడబాటుకే అల్లాహ్ ప్రతిఫలం ఇస్తానంటే, ఇక వెనుకాడటం దేనికి?

సమయం ఎక్కడిది?

హజ్రత్ ఉమర్ (రజి) మదీనా శివార్లలో నివసించేవారు. ఆయన, ఆయన పొరుగున ఉండే ఒక అన్సారీ సోదరుడు వంతులు వేసుకున్నారు. ఒకరోజు ఒకరు దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్తే, రెండోరోజు మరొకరు వెళ్ళేవారు. వెళ్ళినవారు తాము విన్నది తిరిగివచ్చి రెండోవారికి చెప్పేవారు. పక్కపక్క దుకాణాలవారు కూడా ఇలా చేయవచ్చు. ఇంట్లో భార్యాభర్తలూ చేయవచ్చు. నేర్చుకోవాలన్న కోరిక ఆమెకు మాత్రం ఉండదా?

ముందు ఖాయిదా పూర్తి చేయండి. ఆ తర్వాత 604 పేజీల ముస్‌హఫ్‌ను రోజుకొక పేజీ చొప్పున చదివితే సుమారు 20 నెలల్లో పూర్తవుతుంది. కొద్దిగానైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ప్రియమైనది.

ఒక హెచ్చరిక

కొత్త ఆసక్తి పాత బాధ్యతలను మింగేయకూడదు. హజ్రత్ అబూదర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడుపుతూ భార్య హక్కును విస్మరించారు. ప్రభువుకూ, శరీరానికీ, ఇంటివారికీ హక్కులున్నాయని హజ్రత్ సల్మాన్ (రజి) ఆయనకు గుర్తుచేశారు. దైవప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. కాబట్టి అప్పులవారిని, ఇంటివారిని ఇబ్బందిపెట్టి చదవనక్కరలేదు. ఫజ్ర్ తర్వాత పావుగంట చాలు.

ఆ సోదరునికి నేనొక్కటే చెప్పాను: "మీ అమ్మాయి దగ్గరే మొదలుపెట్టండి. మీకు చదువు వస్తుంది, ఆ పాపకు నేర్పిన పుణ్యం దక్కుతుంది."

అల్లాహ్ మనందరి ఆయుష్షులో, విద్యలో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.