బండి ఎందుకు లాగడం లేదు?

పత్తి కాలంలో ఆదోని వీధుల్లో లారీల వరుసలు మీరు చూసే ఉంటారు. జిన్నింగు మిల్లుల్లో బేళ్ళు నింపుకుని అవి నాలుగు దిక్కులకూ పోతాయి. అలాంటి లారీ ఒకటి ట్యాంకు నిండా డీజిలు పోయించుకుని ఎమ్మిగనూరు దారి పట్టిందనుకుందాం. దూరం సుమారు 30 కిలోమీటర్లు. సగం దారిలో మిట్ట ఎక్కుతూండగా ఇంజను బలం తగ్గిపోయింది. డ్రైవరు ఎంత తొక్కినా వేగం పెరగదు. బండి పక్కకు ఆపి, టీ తాగి, అరగంట తరువాత బయలుదేరితే మామూలుగానే నడిచింది! మరునాడూ బాగానే ఉంది. నాలుగు రోజుల తరువాత మళ్ళీ అదే జబ్బు.

ఎప్పుడూ ఉండే జబ్బును పట్టుకోవడం తేలిక. వచ్చిపోయే జబ్బును పట్టుకోవడమే కష్టం. మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయేసరికి బండి ఎంతో బుద్ధిగా నడుస్తుంది మరి! అయినా దీనికీ ఒక పద్ధతి ఉంది. అది తెలుసుకోవాలంటే ముందు ఇంజను ఏమి తింటుందో చూడాలి.

ఇంజను ఆహారం

ఇంజనుకు డీజిలు ఒక్కటే చాలదు, గాలి కూడా కావాలి. 1 కిలో డీజిలు పూర్తిగా మండడానికి సుమారు పద్నాలుగున్నర కిలోల గాలి అవసరం. ఈ లెక్కన 1 లీటరు డీజిలుకు దాదాపు 10,000 లీటర్ల గాలి ఖర్చవుతుంది! సిలిండరులో ఎక్కువ గాలి పట్టిస్తే ఎక్కువ డీజిలు మండించవచ్చు, ఎక్కువ బలం పొందవచ్చు.

అందుకే గాలిని పంపుతో ఒత్తి లోపలికి నెట్టే ఏర్పాటు వచ్చింది. ఆ పంపును ఇంజనే బెల్టు ద్వారానో పళ్ళ చక్రాల ద్వారానో తిప్పితే దాన్ని సూపర్‌ఛార్జరు అంటారు. వృథాగా బయటికి పోయే పొగ వేగంతో తిరిగితే టర్బోఛార్జరు అంటారు. ఈ రెండో ఉపాయానికి స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందాడు. మన రైళ్ళను ఎన్నో ఏళ్ళు లాగిన డబ్ల్యు.డి.ఎం.-2 డీజిలు ఇంజనుకు 16 సిలిండర్లు, 2600 అశ్వసామర్థ్యం, ఒక టర్బో ఉండేవి. మన లారీకీ టర్బో ఉందనుకుందాం.

ముగ్గురు, మూడు మాటలు

ఎమ్మిగనూరు చేరాక డ్రైవరు మేస్త్రీతో మొర పెట్టుకున్నాడు.

"మేస్త్రీ! ట్యాంకు నింపించిన రోజే ఈ తంటా వస్తావుంది. డీజిలులో కల్తీ ఉందప్పా!"

"అది కాదన్నా, టర్బో పోయింటుంది. కొత్తది వేయించాల్సిందే" అన్నాడు క్లీనరు కుర్రాడు.

మేస్త్రీ నవ్వాడు. "ఏదీ విప్పకముందే టర్బో కొనమంటివే! అది ఎంత ఖరీదో తెలుసా? ఊరికే డీజిలు పోసినవాణ్ణి దొంగ అనడమూ తప్పే. ముందు నేనడిగినదానికి చెప్పండి."

ఆయన అడిగినవి నాలుగే ప్రశ్నలు. బలం ఎప్పుడు తగ్గుతోంది? బరువుతో పోతూ సగం దూరం గడిచాక. ఎప్పుడు బాగవుతోంది? అరగంట ఆపితే. అప్పుడు నల్లని పొగ వస్తోందా? లేదు. ఈల వేసినట్టు చప్పుడుందా? లేదు.

జవాబుల్లో దాగిన సంగతి

గాలి తగ్గి డీజిలు మామూలుగానే వస్తే అది సరిగా మండదు. నల్లని పొగ వస్తుంది. గాలి గొట్టం చిట్లితే బుస్సుమనో ఈల వేసినట్టో చప్పుడు వినిపించవచ్చు. ఇక్కడ రెండూ లేవు. కాబట్టి ముందుగా అనుమానించవలసింది గాలిని కాదు, డీజిలు దారిని. (కంప్యూటరు ఉన్న నేటి ఇంజన్లలో గాలి తగ్గితే డీజిలు కూడా తగ్గించేస్తారు. వాటిలో పొగ ఒక్కటే చూసి తీర్పు చెప్పరాదు.)

డీజిలు కల్తీ అయితే అరగంట విశ్రాంతితో శుభ్రపడుతుందా? పడదు. మరి ఆగితే నయమయ్యేదీ, ట్యాంకు నిండినప్పుడే వచ్చేదీ ఏమిటి? మేస్త్రీ చూపు ట్యాంకు మూత మీద పడింది. దానికి సన్నని గాలి రంధ్రం ఉంటుంది. డీజిలు ఖర్చయినకొద్దీ ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. రంధ్రంలో దుమ్మూ పత్తి నూగూ పేరుకుంటే గాలి మెల్లగా మాత్రమే వస్తుంది.

చిన్న లెక్క చేద్దాం. నిండు ట్యాంకులో డీజిలు మీద 10 లీటర్ల గాలి ఉందనుకోండి. సగం దారిలో 4 లీటర్ల డీజిలు ఖర్చయింది, కాని 2 లీటర్ల గాలే లోపలికి వచ్చింది. అంటే 14 లీటర్ల చోటులో 12 లీటర్ల గాలి పరుచుకుంది. బాయిల్ సూత్రం ప్రకారం పీడనం ఏడో వంతు తగ్గింది! పంపుకు ఇది డీజిలును ఒకటిన్నర మీటరుకు పైగా అదనపు లోతునుంచి తోడడంతో సమానం. మిట్ట ఎక్కేటప్పుడు ఎక్కువ డీజిలు కావాలి, పంపు అందించలేదు.

అదే ట్యాంకులో 100 లీటర్ల ఖాళీ ఉంటే? 104 లీటర్ల చోటులో 102 లీటర్ల గాలి. తగ్గుదల యాభయ్యో వంతుకన్నా తక్కువే. అందుకే ట్యాంకు వెలితిగా ఉన్న రోజుల్లో బండి బాగా నడిచింది. డ్రైవరు చూసినది నిజమే, అతడు చెప్పిన కారణం మాత్రం నిజం కాదు!

రుజువు చేయడం

అనుమానం రుజువు కాదు. మేస్త్రీ మూత ఒక్కటే మార్చి, మరేమీ ముట్టకుండా, అదే బరువుతో, నిండు ట్యాంకుతో అదే దారిన బండి నడిపించాడు. జబ్బు లేదు. తరువాత పాత మూత మళ్ళీ పెట్టించాడు. జబ్బు తిరిగి వచ్చింది! బండి ఆపి మూత వదులు చేయగానే గాలి 'స్స్' మంటూ లోపలికి పోయింది. మూత మారిస్తే పోయి, తిరిగి పెడితే వచ్చింది కనుక కారణం అదే. ఫిల్టరు, మూత, గొట్టం అన్నీ ఒకేసారి మార్చి ఉంటే ఏది దోషో ఎన్నటికీ తెలిసేది కాదు.

సూపర్‌ఛార్జరున్న పందెపు కార్లకూ ఇదే పద్ధతి. అక్కడ బెల్టు జారవచ్చు. ఒత్తిడివల్ల వేడెక్కిన గాలి సరిగా చల్లబడకపోవచ్చు. పెట్రోలు తగినంత అందకపోవచ్చు. బెల్టు జారితే గాలి పీడనం పడిపోతుంది. పీడనం సరిగానే ఉండి బలం తగ్గితే వేడినీ పెట్రోలునూ పరీక్షించాలి. అందుకే బలం తగ్గిన క్షణంలోనే కొలతలు తీసుకోవాలి. కంప్యూటరు లక్షణాన్ని చూపగలదు. కారణాన్ని మనిషి వెతకాలి.

మీరే చేసి చూడండి

ప్లాస్టిక్ సీసాలో మూడు వంతులు నీళ్ళు పోసి, మూతకు చిల్లు చేసి గొట్టం దూర్చండి. చిల్లు చుట్టూ మైనం గట్టిగా అద్ది, నీళ్ళు పీల్చండి. కొన్ని గుక్కలకే కష్టమవుతుంది. మూతకు సూదితో మరో చిల్లు పెట్టి మళ్ళీ పీల్చండి. తేడా ఏమిటి?

ఆలోచించండి

1. నూనె డబ్బాకు వ్యాపారులు రెండు చిల్లులు ఎందుకు పెడతారు?
2. ఖాళీ లారీ అదే దారిన పోతే జబ్బు ఎందుకు కనిపించకపోవచ్చు?
3. ట్యాంకులో మొదట 20 లీటర్ల గాలి ఉంటే పై లెక్కలో పీడనం ఎన్నో వంతు తగ్గుతుంది?